కాంతి బాటలో కూడళ్ళు

గాజు పోగు ఒక చివర ప్రవేశించిన కాంతి, పోగు వంపులు తిరిగినా రెండవ చివరకు చేరుతుంది. ఇందుకు కారణం సంపూర్ణాంతర పరావర్తనమని మీకు తెలుసు. అతి శుద్ధమైన గాజు పోగుల ద్వారా వార్తలను చాలా దూరం పంపవచ్చునని 1966లో చార్లెస్ కావ్, జార్జి హాక్‌హామ్ చూపారు. ఈ కృషికే కావ్‌కు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మరి అనేక పోగులు కలిసే కూడలిలో కాంతి తన దారి ఎలా పట్టుకుంటుంది?

మొదట్లో కూడలికి వచ్చిన కాంతినంతా విద్యుత్తుగా మార్చి, దారి మళ్ళించి, తిరిగి కాంతిగా మార్చేవారు. జంక్షనులో ప్రయాణికులందరినీ సామానుతో దింపి, వేరే బండి ఎక్కించడం వంటిదన్నమాట! దీనికి యంత్రాలూ ఎక్కువే, విద్యుత్తు ఖర్చూ ఎక్కువే. అలా కాక, బోగీనే విడదీసి మరో బండికి తగిలిస్తే ఎవరూ దిగనక్కరలేదు కదా!

ఇక్కడ బోగీలంటే తరంగదైర్ఘ్యాలు. కంటికి కనిపించని పరారుణ కాంతిలో 1530 నుండి 1565 నానోమీటర్ల వరకు, సుమారు 0.4 నానోమీటర్ల ఎడంతో 80కి పైగా తరంగాలను ఒకే పోగులో పంపవచ్చు. ఒక్కొక్క తరంగం సెకనుకు 10,000 కోట్ల బిట్లను మోయగలదు.

కూడలిలో వివర్తన జాలకం ఈ తరంగాలను, పట్టకం ఎండను విడదీసినట్లు, విడదీస్తుంది. ఒక్కొక్క తరంగం ఒక్కొక్క చిన్న అద్దంపై పడుతుంది. అద్దాన్ని కొద్దిగా వంచితే ఆ తరంగం కోరిన పోగులోకి పరావర్తనం చెందుతుంది. కొన్ని పరికరాలలో అద్దాలకు బదులు ద్రవస్ఫటికాలు ఈ పని చేస్తాయి.

ఒక చిక్కు ఉంది. ఒకే పోగులో, ఒకే దిశలో పోయే రెండు వార్తలకు ఒకే తరంగదైర్ఘ్యం ఇస్తే అవి కలగాపులగమవుతాయి. ‘క’ నుండి ‘చ’ మీదుగా ‘ట’కు వార్త పోవాలనుకోండి. క–చ పోగులో 1వ తరంగం, చ–ట పోగులో 3వ తరంగం మాత్రమే ఖాళీ. రెండు చోట్లా ఖాళీ ఉన్నా కాంతి నేరుగా పోలేదు! వేరే దారి వెదకాలి. లేదా ‘చ’ వద్ద విద్యుత్తుగా మార్చక తప్పదు.

రోడ్డు తవ్వకంలో కేబులు తెగినప్పుడు ఈ లెక్క మరీ ముఖ్యం. దూరం నుండే ఆజ్ఞ ఇచ్చి అద్దాలను వంచి, కాంతిని మరో దారికి మళ్ళిస్తారు. కాని ఆ దారి పొడవునా తగిన తరంగం ఖాళీగా ఉండాలి. అందుకే ఇంజనీర్లు కొన్నింటిని ముందుగానే ఖాళీగా ఉంచుతారు.

చేసి చూడండి: పాత సీడీని బల్బు వెలుగులో వంచి పట్టుకోండి. కనిపించే రంగులు వివర్తన జాలకం పనే. ఎండలో చేయకండి. గాజు పోగు చివరలోకి ఎన్నడూ తొంగిచూడకండి. కనిపించని కాంతి కూడా కంటికి హాని చేస్తుంది.

ఆలోచించండి: క–చ పోగులో 1, 2, 4, చ–ట పోగులో 2, 3, 4 తరంగాలు ఖాళీగా ఉన్నాయి. ‘క’ నుండి ‘ట’కు నేరుగా ఎన్ని వార్తలు పంపవచ్చు?