డీజిల్‌లో నీళ్లు చేరితే?

మా మామయ్య నూజివీడు దగ్గర మామిడి తోటల్లో ట్రాక్టరు డ్రైవరు. సెలవుల్లో ఆయన పక్కన ఉండి తెలుసుకున్నది రాస్తున్నాను.

కారణం: వేసవంతా కాయలు మోసిన బండి వానాకాలంలో చాలా రోజులు ఊరికే ఉంటుంది. టాంకు సగం ఖాళీ అయితే ఆ ఖాళీలో గాలి ఉంటుంది. రాత్రి చల్లబడితే గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారి కిందికి జారుతుంది. లీటరు నీరు 1 కిలో, లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు. అందుకే నీరు అడుగుకు పోతుంది.

గుర్తులు: బండి త్వరగా స్టార్టు కాదు. ఆగి ఆగి నడుస్తుంది. తెల్లపొగ రావచ్చు.

పరీక్ష: ఫిల్టరు కింది ప్లగ్గు వదులు చేసి కొంచెం డీజిల్ గాజుసీసాలో పట్టాలి. పావుగంట కదపకూడదు. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీరే. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వద్దు.

వైద్యం: టాంకు, ఫిల్టరు ప్లగ్గుల నుంచి మంచి డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించాలి. తర్వాత ఫిల్టరు పైన ఉండే గాలి స్క్రూ వదులు చేసి చేతిపంపు కొట్టాలి. బుడగలు ఆగాక బిగించాలి. లేకపోతే ఎయిర్ పట్టి ఇంజను అందుకోదు.

డీజిల్ పంపు లోపలి సన్నని భాగాలకు డీజిలే నూనె. నీరు తగిలితే తుప్పు పట్టి అరిగిపోతాయి. “పంపు షెడ్డుకు పోయినన్నాళ్లూ నాకూ కూలి ఉండదురా” అంటాడు మామయ్య.

కాబట్టి సాయంత్రం పని అయ్యాక టాంకు నిండా పోసి, మూత గట్టిగా బిగించాలి. మీ ఊళ్లో ట్రాక్టరు ఉన్నవాళ్లకు ఈ మాట తప్పక చెప్పండి.