రిమోటు ఆవిడ చేతికే అందాలి

  

ఈ మధ్య ఏ పేరంటానికి వెళ్ళినా, ఏ చుట్టాలింటికి వెళ్ళినా నన్ను అడుగుతున్న మాట ఒకటుంది. "అక్కా, హాల్లో టీవీ ఉంది. లోపలి గదిలో ఇంకోటి పెట్టాలి. వైరు లాగకుండా ఏదైనా దారుందా?" అని.

వైరంటే ఎందుకు వెనకాడతారో నాకు తెలుసు. అద్దె ఇల్లయితే గోడకి చిల్లు పెట్టడానికి ఓనరుగారు ఒప్పుకోరు. సొంతిల్లయితే నిన్న గాక మొన్న వేయించిన రంగుల మీద మేకులు కొట్టాలంటే మనకే ప్రాణం ఒప్పదు. పోనీ గుమ్మం కిందనుంచి లాగుదామంటే, రాత్రిపూట లేచే పెద్దవాళ్ళ కాలికి ఎక్కడ తగులుతుందోనని భయం. ఆ భయం న్యాయమైనదే.

ఆ ప్రశ్న వెనకాల ఎప్పుడూ ఓ మనిషి ఉంటారమ్మా. మోకాళ్ళ ఆపరేషనై హాలు దాకా నడవలేని అత్తయ్యగారు. మంచం పట్టిన మామయ్యగారు. పురిటికి వచ్చి పసిగుడ్డుతో గది దాటలేని ఆడపడుచు. ఇంటర్ పరీక్షలని మనవడు హాల్లో పుస్తకాలు పరుచుకుంటే, సీరియల్ చూడటమే మానేసిన నాయనమ్మ. అందుకే, ఏది కొనాలో చెప్పేముందు నేను రెండే అడుగుతాను: ఆ గదిలో చూసేదెవరు? ఛానెల్ మార్చేదెవరు?

గదిలోకి బొమ్మ పంపడం ఈ రోజుల్లో తేలికే. రిమోటు కూడా ఆవిడ చేతికే అందాలి. అది అందకపోతే హాల్లో వాళ్ళు పెట్టిందే ఆవిడ చూడాలి, లేదంటే కట్టేసి పడుకోవాలి. ఈ మాట మనసులో పెట్టుకుని మిగతా ముచ్చట వినండి.

హాల్లో బాక్సు నుంచే పంపాలంటే

వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ అని అమ్ముతారు, రెండు చిన్న పెట్టెల జత. ఒకటి పంపేది, రెండోది అందుకునేది. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి వెళ్ళే హెచ్‌డీఎంఐ వైరుని పంపే పెట్టెకి తగిలిస్తారు. దాన్నుంచి ఇంకో వైరు హాలు టీవీకి వెళుతుంది. అందుకునే పెట్టె లోపలి గది టీవీ వెనకాల ఉంటుంది. మధ్యలో గాలిలోనే ప్రయాణం. కొత్త కనెక్షన్ అక్కర్లేదు, నెలనెలా అదనపు బిల్లు లేదు, ఇంట్లో ఇంటర్నెట్ లేకపోయినా ఫరవాలేదు. సెట్‌టాప్ బాక్సు ఆన్‌లో ఉంటే చాలు, హాలు టీవీ కట్టేసినా గదిలో బొమ్మ వస్తుంది.

కొనేటప్పుడు నాలుగు విషయాలు చూసుకోండి. హాలు టీవీకి మళ్ళీ వైరు ఇచ్చే రంధ్రం పంపే పెట్టెకి ఉందా? అది లేకపోతే గదిలో బొమ్మ వచ్చి హాల్లో పోతుంది. హెచ్‌డీసీపీకి పనిచేస్తుందని రాసుందా? డబ్బు కట్టి చూసే ఛానెళ్ళకి కాపీ కాకుండా తాళం ఉంటుంది. ఆ తాళం తెలియని పెట్టె కొంటే తెర నల్లగా ఉండిపోతుంది. మూడోది, ఎన్ని గిగాహెర్ట్జ్. 5 అని ఉంటే మామూలు ఇటుక గోడ ఒకటి రెండు దాటుతుంది. 60 అని ఉంటే బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ గోడ దాటదు, అది ఒకే గదిలో వాడుకునేది. నాలుగోది, దూరం. డబ్బా మీద 30 మీటర్లు, 50 మీటర్లు అని రాసేది అడ్డం ఏమీ లేని చోట లెక్క. మనింట్లో గోడలున్నాయి, బీరువాలున్నాయి. అందులో సగానికి సగం తగ్గించుకుని ఆలోచించండి.

ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులతో ఉండే పాతరకం పెట్టెలు ఇంకా కొన్నిచోట్ల చవగ్గా దొరుకుతున్నాయి. అవి 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. వంటింట్లో మైక్రోవేవ్ కూడా అదే తరంగం మీద పనిచేస్తుంది కాబట్టి, మీరు పాలు వేడి చేసినప్పుడల్లా అక్కడ బొమ్మ చెదిరిపోతుంది. వాటి జోలికి పోకండి.

మా పిన్ని గదిలో

తెనాలిలో మా పిన్ని తుంటి విరిగి కూతురి దగ్గర వెనకగదిలో ఉంటోంది. అల్లుడు మంచివాడు, ఈ పెట్టెల జత తెచ్చి తగిలించాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. మొదట్లో పిన్ని మంచం మీంచి "అమ్మాయ్, వేంకటేశ్వరుడి ఛానెల్ పెట్టవే" అని కేకేసేది. కూతురు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళి మార్చేది. కొన్నాళ్ళకి ఆ కేకలు ఆగిపోయాయి. ఇంట్లోవాళ్ళు అమ్మ సర్దుకుపోయిందనుకున్నారు. నేను చూడ్డానికి వెళ్ళి పక్కన కూర్చుంటే, తెర మీద ఏదో హిందీ వంటల కార్యక్రమం నడుస్తోంది. "ఏంటి పిన్నీ, హిందీ చూస్తున్నావు?" అంటే, "వచ్చిందే చూస్తున్నానే. ఊరికే దాన్ని పరుగులు పెట్టించడం ఎందుకు?" అంది. నా కడుపు తరుక్కుపోయింది.

పెట్టెలు వచ్చిన అట్టడబ్బా అటక మీంచి దింపించి చూస్తే, అడుగున ప్లాస్టిక్ కవరులో సన్నటి నల్లవైరు విప్పకుండానే ఉంది. చివర మిరియమంత పూస. అసలు కీలకం అదేనమ్మా. రిమోటులోంచి వచ్చేది కంటికి కనిపించని వెలుగు, ఇన్‌ఫ్రారెడ్ అంటారు. వెలుగు గోడ దాటదు కదా. గదిలో పిన్ని నొక్కితే అక్కడి పెట్టె ఆ వెలుగుని పట్టుకుని, రేడియో తరంగంగా మార్చి హాల్లోకి పంపుతుంది. హాల్లో ఈ పూస మళ్ళీ వెలుగై సెట్‌టాప్ బాక్సుకి చెబుతుంది. ఆ వైరుని పంపే పెట్టెకి గుచ్చి, పూసని సెట్‌టాప్ బాక్సు ముందున్న నల్లటి కన్నుకి ఓ అంచున, హాలు రిమోటుకి అడ్డం రాకుండా అంటించాం. అలాంటి రిమోటే ఇంకోటి తెప్పించి పిన్ని చేతిలో పెట్టాం. మధ్యాహ్నం తిరుమల కల్యాణోత్సవం వేళకి ఛానెల్ ఆవిడే పెట్టుకుంది. "నేనే మార్చానే!" అని కూతురికి వినపడేలా గట్టిగా చెప్పింది.

కొన్ని కొత్త సెట్‌టాప్ బాక్సుల రిమోట్లు బ్లూటూత్ మీద నడుస్తాయి. వాటికి ఈ పూసతో పనిలేదు. గదిలోంచి నొక్కి చూడండి, అందితే అంతకన్నా ఏం కావాలి!

ఈ పద్ధతికి ఒక్కటే ఇబ్బంది. బాక్సు ఒకటే కాబట్టి రెండు టీవీల్లోనూ ఒకటే ఛానెల్. పగలు హాలు ఖాళీగా ఉండే ఇంట్లో ఇది చక్కగా సరిపోతుంది. సాయంత్రం ఆయన వార్తలంటారు, అత్తయ్యగారు సీరియల్ అంటారు, పిల్లలు క్రికెట్ అంటారు. అలాంటి ఇంటికి రెండో దారి కావాలి.

ఇంటర్నెట్ మీద వేరే టీవీ

ఇంట్లో వైఫై ఉంటే గది టీవీకి హాల్లో బాక్సుతో పనే లేదు. స్మార్ట్ టీవీ అయితే అలాగే, పాతదైతే ఫైర్ టీవీ స్టిక్ లాంటిది గుచ్చితే సరి. హాల్లో వాళ్ళది వాళ్ళకి, గదిలో ఆవిడది ఆవిడకి.

ఆవిడ ఏం చూస్తారో ముందు కాగితం మీద రాసుకోండి. వార్తలా? మన తెలుగు వార్తా ఛానెళ్ళు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా ప్రత్యక్షంగా వస్తాయి. టీటీడీ వారి ఎస్వీబీసీ కూడా అక్కడ వస్తుంది. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి ఇష్టమైతే, ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్ ఉంది. సీరియళ్ళయితే ఎవరి యాప్ వారిది: స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. అన్నిటికీ చందా కట్టక్కర్లేదు. ఆవిడ చూసే రెండు మూడు సీరియళ్ళు ఏ ఛానెల్‌వో చూసుకుని దానికే కట్టండి. మీ బ్రాడ్‌బ్యాండ్ ప్యాకేజీలో ఏ యాప్‌లు ఉచితంగా ఇచ్చారో కూడా ఓసారి అడగండి. చాలామందికి వాళ్ళు కట్టే బిల్లులోనే అవి ఉన్నాయని తెలియదు.

స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకి 5 ఎంబీపీఎస్ వేగం నిలకడగా ఉంటే చాలు. కానీ గంటకి 2 నుంచి 3 జీబీ డేటా తింటుంది. కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపిద్దామనుకోకండి. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఒక్క సీరియల్‌కీ ఒక వార్తల బులెటిన్‌కీ సరి. క్రికెట్ చూసే ఇంట్లో ఇంకో సంగతి: నెట్ మీద వచ్చేది డిష్ కంటే కాస్త ఆలస్యం, ఒక్కోసారి అర నిమిషం దాకా. హాల్లో సిక్సర్ అరుపులు వినపడ్డాక గానీ గదిలో బంతి పడదు. మామయ్యగారు మ్యాచ్ చూసేవారైతే ఇది ముందే చెప్పండి, లేకపోతే టీవీ పాడైందనుకుంటారు.

ఇక రిమోటు సంగతి. 130 నొక్కితే ఫలానా ఛానెల్ అని అలవాటైన చేతికి ఈ యాప్‌లు కొత్త. ఆవిడకి కావలసినవి తెర మీద మొదటి వరసలోకి తెచ్చి పెట్టండి, మిగతావి వెనక్కి నెట్టేయండి. రిమోటు మీద మైకు బొమ్మ ఉంటే అది చూపించండి. గూగుల్, యూట్యూబ్‌లకి తెలుగు వచ్చు, భాష సెట్టింగులో తెలుగు పెట్టి "అన్నమయ్య కీర్తనలు" అని నోటితో అంటే వెతికి పెడతాయి. ఆ బటన్ మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టండి, కళ్ళజోడు లేకపోయినా దొరుకుతుంది. పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పండి. మనకి జడ వేయడం, ముగ్గు పెట్టడం నేర్పిన ఓపిక వాళ్ళది.

గోడలతో వచ్చే చిక్కు

ఏ దారిలో వెళ్ళినా గాలిలో వచ్చే తరంగానికి గోడ అడ్డమే. ఇటుక గోడ కొంచెం అడ్డుతుంది. స్లాబులు, కాంక్రీటు గోడలు చాలా అడ్డుతాయి, లోపల ఇనుప చువ్వలుంటాయి గనక. ఇనప బీరువా, నిలువుటద్దం, నీళ్ళ తొట్టి అయితే మరీను. రాయలసీమ రాతి గోడల ఇళ్ళలో, మందంగా కట్టిన పాత మట్టిమిద్దెల్లో వైఫై పక్కగదికి కూడా సరిగ్గా అందదు. అమెరికాలో పిల్లల ఇళ్ళకి వెళ్ళి "అక్కడ బాగా వచ్చిందే, ఇక్కడ ఎందుకు రాదు" అంటుంటారు కొందరు. అక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క చట్రం మీద పలకలు బిగించి కట్టినవి, తరంగం తేలిగ్గా దాటిపోతుంది.

అందుకే, రూపాయి ఖర్చు పెట్టకముందే ఒక పరీక్ష చేయండి. రాత్రి ఎనిమిదింటికి, అందరూ నెట్ వాడే వేళ, ఆ గదిలో మంచం మీద కూర్చుని తలుపు వేయండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీద యూట్యూబ్‌లో లైవ్ వార్తలు పెట్టి అరగంట చూడండి. ఆగకుండా వస్తే మీ పని అయినట్టే. ఆగి ఆగి వస్తే ముందు రూటరు జాగా మార్చండి. టీవీ యూనిట్ అరలో దేవుడి పటాల వెనక దాచకుండా, ఎత్తుగా, ఇంటి మధ్యకి తెండి. రూటరులో రెండు పేర్లు కనిపిస్తే, 2.4 అన్నది గోడలు బాగా దాటుతుంది, 5 అన్నది వేగంగా ఉంటుంది గానీ దూరం పోదు. గదిలో రెండూ ప్రయత్నించండి.

అప్పటికీ అందకపోతే మెష్ అని రెండో రూటరు పెట్టుకోవచ్చు. దాన్ని గదిలో కాకుండా సగం దారిలో, ఇంకా సిగ్నల్ బాగా ఉన్న చోట పెట్టాలి. రాతి గోడల ఇంటికైతే పవర్‌లైన్ అడాప్టర్లని ఇంకో ఉపాయం ఉంది. ఒకటి రూటరు పక్కన ప్లగ్‌లో, ఇంకోటి గది ప్లగ్‌లో పెడితే, గోడలో ఉన్న కరెంటు తీగ మీదే ఇంటర్నెట్ వెళుతుంది. రెండు ప్లగ్‌లూ ఒకే ఫేజు మీద ఉండాలి. త్రీ ఫేజు మీటరున్న ఇంట్లో, ఇన్వర్టరు లైను వేరుగా ఉన్న ఇంట్లో ముందు ఎలక్ట్రీషియన్ని అడగండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టకుండా నేరుగా గోడ ప్లగ్‌కే పెట్టాలి.

చిన్నవే గానీ మరిచిపోయేవి

వైరు లేదంటాం గానీ కరెంటు కావాలి. గదిలో టీవీకొకటి, పెట్టెకో స్టిక్కుకో ఒకటి, రెండు ప్లగ్ పాయింట్లుండాలి. కరెంటు పోతే గదిలో టీవీ ఇన్వర్టరు మీద ఉండి కూడా రూటరు ఆగిపోతే ఏం లాభం? రూటరుని కూడా ఇన్వర్టరు లైను మీద వేయించండి, లేదా రూటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ పెట్టండి. చెవులు మందగించిన పెద్దవాళ్ళకి, పసిబిడ్డ నిద్రపోయే గదికి బ్లూటూత్ హెడ్‌ఫోన్ మంచిది, టీవీకి ఆ సౌకర్యం ఉందో లేదో కొనేముందే చూసుకోండి. గది టీవీ మరీ పాతదై హెచ్‌డీఎంఐ రంధ్రమే లేకపోతే, మార్చి ఇచ్చే చిన్న కన్వర్టరు దొరుకుతుంది.

ఇంకొక్క మాట చెల్లీ. గదిలో టీవీ పెట్టాం కదా అని అక్కడికి వెళ్ళడం తగ్గించకండి. రోజూ ఏదో ఒక కార్యక్రమం ఆవిడ మంచం పక్కన కూర్చుని చూడండి. బీన్స్ చిదుముకుంటూనో, బట్టలు మడతపెట్టుకుంటూనో చూడండి. ఆవిడ చెప్పే వెనకటి కథ వింటే తప్ప అర్థంకాని సీరియళ్ళు చాలా ఉన్నాయి.

అన్నీ బిగించాక, మీరు హాల్లోకి వచ్చేసి తలుపు దగ్గరగా వేయండి. ఆవిడ ఒక్కరే టీవీ పెట్టుకుని, ఛానెల్ మార్చి, సౌండు తగ్గించి, కట్టేయగలిగారా చూడండి. ఎవర్నీ పిలవకుండా చేయగలిగితేనే ఆ వస్తువు మీ ఇంటికి సరిపోయినట్టు. లేదంటే తిప్పి ఇచ్చే గడువు దాటకముందే మార్చేయండి. అప్పటిదాకా అట్టపెట్టె పారేయకండి.