వెర్నన్ కౌంటీ: వాలు నేల మీద నిలిచిన పాడి

విదేశాల పాడిని గురించి సభ్యులకు చెప్పవలసి వచ్చినప్పుడు ఆవుకు ఎన్ని లీటర్లు, మందకు ఎన్ని ఆవులు అన్న లెక్కలతోనే సరిపెట్టడం పరిపాటి. ఈసారి ఆ లెక్కలు పక్కనబెట్టి, అమెరికాలోని ఒక పల్లె ప్రాంతపు నేలను గురించి, జనాన్ని గురించి తెలుసుకుందాం. విస్కాన్సిన్ రాష్ట్రం పడమటి అంచున, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న వెర్నన్ కౌంటీని ఇందుకు ఎంచుకున్నాము.

కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అయితే వెర్నన్ విస్తీర్ణం సుమారు 2,050 చదరపు కిలోమీటర్లే. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 30,714 మంది. మన మండలాల్లో చాలావాటికి ఇంతకంటే ఎక్కువ జనాభా ఉంటుంది. ముఖ్యపట్టణం వైరోక్వా.

పూర్వం హిమయుగాలలో ఆ చుట్టుపక్కల రాష్ట్రాలను మంచుదిబ్బలు ఒరుసుకుంటూ పోయి చదును చేశాయి. ఈ ముక్క మాత్రం వాటికి తగలకుండా మిగిలిపోయింది. అందుచేత ఇక్కడ పొలాలు గుట్టల నెత్తి మీద, వాగులు లోతైన లోయల్లో, రెంటికీ నడుమ నిటారు వాలు. కూన్ వాగు, కికపూ నది ఇటువంటి లోయల్లోనే పారుతాయి. చూడడానికి అందమైన దేశమే, కాని నాగలి పట్టేవాడికి కష్టమైన దేశం.

ఇది హోచంక్ తెగవారి నేల. 1832 ఆగస్టు మొదట్లో, సాక్ తెగ నాయకుడు బ్లాక్ హాక్ వెంట వచ్చిన జనం మిసిసిపీని దాటబోతుండగా సైన్యం వారిని ఇక్కడి ఒడ్డున చుట్టుముట్టింది. ఆడవారు, పిల్లలతో సహా వందలాది మంది చనిపోయారు. చరిత్ర పుస్తకాలు దీనిని యుద్ధమని రాశాయి గాని ఊచకోత అనడమే న్యాయం. 1851లో కౌంటీ ఏర్పడినప్పుడు దాని పేరు బ్యాడ్ యాక్స్, అనగా చెడ్డ గొడ్డలి. ఆ పేరు వింటే కొత్తవారు రారని 1862లో వెర్నన్‌గా మార్చారు.

వచ్చిన వలసదారుల్లో నార్వే దేశస్థులు ఎక్కువ. వెస్ట్‌బీ పట్టణం వారిదే. హిల్స్‌బరో వైపు చెక్ జాతివారు స్థిరపడ్డారు. ఆ హిల్స్‌బరో దగ్గరే షయాన్ లోయలో 1850ల నుంచి నల్లజాతి రైతు కుటుంబాలు సొంత భూములు చేసుకున్నాయి. బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న దేశంలో, వారి పిల్లలు తెల్లవారి పిల్లలతో ఒకే బడిలో చదివారు. ఆ కుటుంబాల్లో పుట్టిన ఆల్గా షివర్స్ అనే మేస్త్రీ ఈ ప్రాంతంలో గుండ్రటి పశువుల కొట్టాలు కట్టి పేరు పొందాడు. గుండ్రటి కొట్టం గాలికి తట్టుకుంటుంది. నడుమ నిలిపిన మేత గోదాం నుంచి చుట్టూ ఉన్న ఆవులన్నిటికీ తక్కువ నడకతో మేత వేయవచ్చు. అటువంటి కొట్టాలు కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి.

మొదట అందరూ గోధుమే వేశారు. ఏటేటా ఒకే పైరు వేయడంతో నేల బలం పోయింది, పైగా రసం పీల్చే నల్లి పురుగు పైరును తినివేసింది. అప్పుడు రాష్ట్రమంతా పాడికి తిరిగింది. 1872లో విస్కాన్సిన్ పాడి రైతుల సంఘం వెలిసింది. 1890లో ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ బాబ్‌కాక్ పాలలో వెన్న శాతం కొలిచే పరీక్షను కనిపెట్టి, దానికి పేటెంటు తీసుకోకుండా అందరికీ వదిలివేశాడు. మన సంఘాలు ఎరిగిన గెర్బర్ పరీక్షకు అది అన్నగారి వంటిది. నీళ్లు కలిపినవాడికీ చిక్కటి పాలు పోసినవాడికీ ఒకే ధర అన్న అన్యాయం దానితో తగ్గింది. వెస్ట్‌బీ రైతుల సహకార క్రీమరీ 1903లో మొదలయింది.

పాడి వచ్చినా నేలకు మాత్రం విశ్రాంతి దొరకలేదు. వాలును పైనుంచి కిందికి తిన్నగా దున్నేవారు. చెట్లున్న నిటారు గట్టుల మీదికి కూడా ఆవులను తోలేవారు. వాన పడితే పైమట్టి కొట్టుకుపోయి లోయలో మేటవేసేది. పొలాల మధ్య గండ్లు పడ్డాయి, వాగులు పూడిపోయాయి. 1933లో కేంద్ర ప్రభుత్వం దేశంలోకెల్లా మొదటి పరీవాహక భూసంరక్షణ పథకాన్ని ఈ కూన్ వాగు లోయలోనే పెట్టింది.

ఆ పథకం నడిచిన తీరు సభ్యులు గమనించదగినది. ఏ రైతునూ బలవంతం చేయలేదు. ప్రభుత్వం విత్తనం, సున్నం, కంచె తీగ, కూలి మనుషులను ఇస్తుంది, రైతు అయిదేళ్లపాటు ఒప్పుకున్న పద్ధతిలో సేద్యం చేయాలి. అదీ ఒప్పందం. మొక్కజొన్న, ఓట్స్, లూసర్న్ వంటి పశుగ్రాసాలను వాలుకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా వేయడం, ఏటేటా వాటిని మార్చడం, నిటారు వాలును అడవికి వదిలి ఆవులను అటు పోనీయకపోవడం ముఖ్యమైన షరతులు. తిన్నని చాలే మంచి సేద్యగాడి గుర్తు అనుకునేవారికి వంకర చాలు నామోషీగా తోచడంలో వింత లేదు. అయినా సుమారు 800 మంది రైతుల్లో 418 మంది సంతకం చేశారు. పథకం కొండవాలు నిలవాలంటే పైవాడూ కిందివాడూ కలిసి చేయాలి. ఒక్కడు చేస్తే పక్కవాడి నీరు వచ్చి గట్టు తెంచుతుంది. పశువుకు మేతగా వేసిన పట్టీయే నేలను పట్టి ఉంచింది కనుక రైతులు దానిని విడవలేదు. లోయలో మేటవేసే మట్టి 1930లతో పోలిస్తే 1990ల నాటికి సుమారు 6 శాతానికి పడిపోయిందని స్టాన్లీ ట్రింబుల్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు కొలిచి చూపాడు.

కికపూ లోయ కథ వేరు. వరదలు ఆపడానికని లా ఫార్జ్ ఊరి వద్ద ఆనకట్టకు 1962లో అనుమతి వచ్చింది. 140కి పైగా కుటుంబాలు పొలాలు వదిలి పోవలసివచ్చింది. 1971లో పని మొదలై, ఖర్చు పెరిగి, నీటి నాణ్యతపై అభ్యంతరాలు వచ్చి 1975లో ఆగిపోయింది. కట్ట లేదు, చెరువు లేదు, పోయిన రైతులు తిరిగి రాలేదు. కాంక్రీటు బురుజు ఒకటి మిగిలింది. ఆ భూమి ఇప్పుడు సుమారు 8,600 ఎకరాల అభయారణ్యం. అందులో 1,200 ఎకరాలు హోచంక్ వారికి దక్కాయి.

పాల ధర గిట్టక చిన్న రైతులు మూతపడుతున్న 1988లో, అదే లా ఫార్జ్ పరిసరాల రైతులు కలిసి రసాయనాలు లేని పంటలకు, పాలకు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. నేడు ఆర్గానిక్ వ్యాలీ పేరుతో అమ్మేది ఆ సంఘమే. వివిధ రాష్ట్రాల్లో 1,600కు పైగా రైతు కుటుంబాలు అందులో చేరాయి.

జనాభా తీరు కూడా ఆసక్తికరమే. 1900లో 28 వేలు దాటిన జనం 1970 నాటికి 25 వేల లోపుకు తగ్గి, తిరిగి పెరిగారు. ఈ పెరుగుదలలో 1960ల నుంచి వచ్చి స్థిరపడుతున్న ఆమిష్ మతస్థుల పాత్ర ఉంది. వారు కరెంటు, ట్రాక్టరు లేకుండా గుర్రాలతో సేద్యం చేస్తారు. చేత్తో పితికిన పాలను క్యాన్లలో పోసి చీజ్ కేంద్రాలకు పంపుతారు. ఎడ్లబండి మీద క్యాన్లు వచ్చిన రోజులు గుర్తున్న మన పెద్దలకు ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

2018 ఆగస్టులో కురిసిన కుండపోతకు కూన్ వాగు మీద మూడు, పక్క లోయలో రెండు ఆనకట్టలు తెగాయి. కట్టల్లో లోపం కంటే వాటికి ఆనుకున్న ఇసుకరాతి గుట్టల పగుళ్లలోంచి నీరు దూరడమే కారణమని తేలింది. మిగిలిన పాత కట్టలను కూడా తొలగించాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ వరద తరువాత కూన్ వాగు రైతులు, గ్రామస్థులు ఒక పరీవాహక మండలిగా ఏర్పడి, ఏ వాలు మీద ఏది వేయాలన్న సంగతి మళ్లీ కలిసి మాట్లాడుకుంటున్నారు.