విసుగు ఎవరి మీద పడుతోందో చూసుకో



చిన్నోడా, మొన్న ఫోన్లో నువ్వన్న మాటలు మనసులోంచి పోవడం లేదు. బీటెక్ చదివి సచివాలయంలో రోజంతా కుల, ఆదాయ ధ్రువపత్రాల దరఖాస్తులు ఎక్కించడమేనా అన్నావు. ఆ చిరాకులోనే పింఛను సంగతి అడగొచ్చిన ముసలాయన మీద అరిచానన్నావు.

నీ విసుగులో న్యాయముంది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల్లోని 1.26 లక్షల కొలువులకు దాదాపు 20 లక్షల మంది పోటీపడ్డారు. అంత పోటీ గెలిచినవాడికి చేసిన పనే చేస్తూ కూర్చోవడం కష్టమే. కానీ అందులో ఆ ముసలాయన చేసిన తప్పేముందిరా?

రెవెన్యూలో నా సర్వీసంతా గమనించాను, గోదావరికి వరదొస్తే ఎవరికీ విసుగుండదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, పి.గన్నవరం, మామిడికుదురు వైపు లంక గ్రామాల కోసం రాత్రనక పగలనక తిరిగినవాళ్లలో మీ సచివాలయాల పిల్లలూ ఉన్నారు. నీరు తీశాక, పని పలచబడ్డాకే జబ్బు మొదలవుతుంది. హాజరు వేసి బయటికి పోవడం, రీల్స్ చూస్తూ సర్వర్ లేదనడం, పక్కవాళ్ల మీద చాడీలు, చేతిలో ఉన్న దరఖాస్తును ఊరికే నానబెట్టడం. లంచం ముందు ఇవెంత అనుకుంటారు. కూలి మానుకుని వచ్చినవాడికి రెండూ నష్టమే. 2011లో బ్రూర్సెమా, కెస్లర్, స్పెక్టర్ అనే పరిశోధకులు ఉద్యోగుల విసుగును పరిశీలించి, అది ముదిరినచోట ఎదుటివాళ్లను నొప్పించడం, పని ఎగ్గొట్టడం ఎక్కువని తేల్చారు.

పళ్లు బిగబట్టి ఓర్చుకోమనను. ఆ ఓర్పు మధ్యాహ్నం దాకా కూడా నిలవదు. ఫోను డ్రాయర్లో పెట్టు. మనిషి వస్తే ముందు కాగితం చివరిదాకా చదువు, తర్వాతే మాట్లాడు. చదివేలోగా కోపం సగం దిగుతుంది. ఆ రోజు పని కాదంటే ఏ తేదీకి రావాలో చీటీ మీద రాసివ్వు. ఖాళీ దొరికితే డిపార్ట్‌మెంటల్ టెస్టులకు చదువుకో, ఈ బల్ల దగ్గర్నుంచి పైకి వెళ్లే దారి అదే. ముసలాయన పింఛను ఎక్కడ ఆగిందో కనుక్కుని, ఇంటికెళ్లి నువ్వే చెప్పు.

ఒక సోమవారం సెలవు పెట్టి అమలాపురం కలెక్టరేట్‌కి వెళ్లు. అక్కడ సోమవారాల్లో అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదిక దగ్గర ఒక పూట కూర్చో. రాజోలు, కొత్తపేట వైపు నుంచి బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లను ‘ఏమండీ, ఏం పని మీద వచ్చారు’ అని అడుగు. ఆ అర్జీల్లో మీ బల్ల దగ్గరే తేలిపోవలసినవి ఎన్నున్నాయో చూసి, ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న