సాయంత్రం సంగతి ముందు చూడు

చి.ల.సౌ. అమ్మలుకు,


నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. పచ్చళ్ల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ అరగంట మాట్లాడి, పెట్టేసే ముందు అసలు సంగతి చెప్పింది. వాయుగుండం రోజున మీ అమ్మాయి చిట్టి స్కూలు మధ్యాహ్నానికే వదిలేశారట. ఆటో అతను అండర్ బ్రిడ్జి కింద నీళ్లు చూసి, పిల్లల్ని ఓ కిరాణా కొట్టు అరుగు మీద దింపి, వేరే దారి చూసొస్తానని వెళ్లాడట. నువ్వు బ్యాంకులో కౌంటర్ మీద ఉండి స్కూలువాళ్ల మెసేజ్ చూసుకోలేదట. చిట్టి ఆ అరుగు మీద తడిసిన యూనిఫాంతో కూర్చుని, అడిగిన వాళ్లందరికీ నీ పేరూ బ్యాంకు పేరూ చెప్పిందట. బంగారు తల్లి. ఆ వయసులో నువ్వయితే ఉరుము వినగానే నా చీర కుచ్చిళ్లలో దూరేదానివి.

నువ్వు రాత్రంతా ఏడ్చావని కూడా మీ అమ్మ చెప్పింది. ఏడవకు. నీకు చీవాట్లు పెట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. పోయిన నెల నువ్వు నాకు రాసిన దాంట్లో ఒక మాట అడిగావు. కలెక్టరు సెలవు ఇవ్వలేదు, స్కూలు ఉందన్నారు, అత్తయ్యగారు వద్దంటారు, ఆయన పంపమంటారు, మధ్యలో నేనేం తేల్చుకోను పెద్దమ్మా అన్నావు. అప్పుడే జవాబు రాయాల్సింది, కోతల హడావుడిలో పడ్డాను. ఇప్పుడు రాస్తున్నాను.

పొద్దున వాన ఎంత పడుతోందో చూసి పంపాలా మానాలా అని ఆలోచించకు. సాయంత్రం బిడ్డ ఏ దారిన, ఎవరి చేతిలో ఇల్లు చేరుతుందో అది చూడు.

మా నాన్న అలాగే చూసేవాడు. మా బడి పాయకు అవతల ఉండేది, బల్లకట్టు మీద దాటాలి. ముసురు పట్టిన పొద్దున నాన్న చుట్ట వెలిగించుకుని రేవు దాకా నడిచి వెళ్లి, బల్లకట్టు తాతను ఒకే ఒక్క మాట అడిగేవాడు. "సాయంత్రం ఉంటావా?" పొద్దున దాటించడం గురించి అడిగేవాడే కాదు, పొద్దున ఎలాగూ దాటిస్తాడు. తాత "ఎందుకుండను బాబూ" అని టక్కున అంటే అన్నయ్యా నేనూ పలకలు పట్టుకుని బయలుదేరేవాళ్లం. తల గోక్కుని "చూద్దాం లెండి" అన్నాడా, ఆ రోజు బడి లేనట్టే. అలాంటి రోజుల్లో నాకు పండగే, అమ్మ ఉలవలు వేయించి పెట్టేది. అన్నయ్య మాత్రం గుమ్మంలో కూర్చుని ఏడ్చేవాడు. బడిలో గంట కొట్టే పని వాడిది. తను వెళ్లని రోజున ఇంకెవడైనా కొడతాడేమోనని వాడి బాధ. ఆ గంట బడి పాకకు వేలాడదీసిన రైలు పట్టా తునక. దాని మోత ఇప్పటికీ నా చెవిలో ఉంది.

1977 తుపాను సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పానో, మళ్లీ రాయను. ఒక్కటే గుర్తు చేస్తాను. ఆ నవంబరు 19 శనివారం. పొద్దున లేచినప్పుడు మాకు అది గాలివానే. సాయంత్రానికి ఉప్పెనయింది. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లుగా లేకుండా పోయాయి. పదివేల మందికి పైగా పోయారని లెక్క. పొద్దున చూసిన ఆకాశం సాయంత్రానికి సాక్ష్యం చెప్పదని మన తీరంలో ఏ ఇంట అడిగినా చెబుతారు.

మీ విజయవాడకు సముద్రం దూరమే, కానీ బుడమేరు ఉంది. దానితో ఉన్న చిక్కు ఏమిటంటే మీ ఇంటి మీద వాన ఆగిపోయినా అది ఆగదు. పైన మైలవరం కొండల్లో పడ్డ వాన నెమ్మదిగా కిందికి వస్తుంది. వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణలోకి మళ్లించే కాలువ ఉంది గానీ, కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి దిగుతాయి? 2024లో జరిగింది అదే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం మునిగాయి. ఆ రోజులు మీరు మేడ మీద ఎలా గడిపారో నాకు తెలుసు. కానీ నేను అప్పటి నుంచీ ఒకటే తలుచుకుంటున్నాను. సెప్టెంబరు 1 ఆదివారం. పిల్లలు ఇళ్లలో, తల్లుల పక్కన ఉన్నారు. ఆ నీళ్లే ఓ మామూలు పనిరోజు మధ్యాహ్నం వచ్చి ఉంటే పిల్లలు ఓ దిక్కున, పెద్దలు ఓ దిక్కున, మధ్యన ఏరు. నాకు ఇప్పటికీ రాత్రిళ్లు ఆ ఆలోచన వస్తే లేచి కూర్చుంటాను.

కలెక్టరు సెలవు గురించి. సెలవు ఇస్తే వివాదం లేదు, బిడ్డను ఇంట్లో ఉంచు. ఇవ్వకపోతే మాత్రం పంపి తీరాలని దాని అర్థం కాదు. జగ్గయ్యపేటకూ తిరువూరుకూ మీ వీధికీ కలిపి ఆయన ఒకే ఉత్తర్వు ఇస్తాడు. మీ వీధి చివర కాలువ ఎంత నిండిందో ఆయనకు ఎలా తెలుస్తుంది? అది నీకు తెలుసు. ముందు రోజు రాత్రి వాతావరణ కేంద్రం వాళ్లు చెప్పేది చూడు. భారీ వర్షం అంటే ఒక రోజులో 7 నుంచి 11 సెంటీమీటర్లు. అతి భారీ అంటే 12 నుంచి 20. ఆ పైన అత్యంత భారీ. టీవీ వాళ్లు అన్నిటినీ ఒకే గొంతుతో అరుస్తారు, నువ్వు ఆ మాటల తేడా పట్టుకో. ఆరెంజ్ హెచ్చరిక అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక కదలాలని. మీ జిల్లాకే కాదు, బుడమేరు పుట్టే వైపు ఏముందో కూడా చూడు. రెడ్ ఉన్న రోజున స్కూలు తెరిచినా చిట్టిని పంపకు. ఆరెంజ్ ఉన్న రోజున నాన్న అడిగిన ప్రశ్న ఆటో అతన్ని అడుగు. పసుపు రంగు ఉన్నంత మాత్రాన మానిపించకు. ముసురు పట్టినప్పుడల్లా బడి మాన్పిస్తే పిల్లకు వాన అంటే భయమే మిగులుతుంది.

ఇప్పుడు నా గుండెలో ఉన్న అసలు మాట. మధ్యాహ్నం బడి వదిలేయడం. ఇది నాకు పడదు. ముప్పై ఏళ్ల పైచిలుకు పిల్లలకు పాఠం చెప్పిన దాన్ని, అధికారంతోనే చెబుతున్నాను. పొద్దున ఉన్నంతలో పిల్లలు ఎలాగో వచ్చేశారు. మధ్యాహ్నానికి ఆకాశం నల్లబడింది. "త్వరగా ఇళ్లకు పంపేద్దాం" అనుకుంటారు. అంటే గోడలూ కప్పూ ఉన్న చోటి నుంచి పిల్లల్ని తీసి, గాలివాన ముదిరే గంటలో రోడ్డు మీద పెడతారు. అమ్మానాన్నలు పనుల్లో ఉంటారు. ఆటో అతను వేరే ట్రిప్పులో ఉంటాడు. కాలువలు పొంగి రోడ్డూ మ్యాన్‌హోలూ ఒకటే రంగులో ఉంటాయి. గాలికి తెగిన కరెంటు తీగ నీళ్లలో కనబడదు. పారే నీళ్లు అడుగు లోతు ఉంటే చిన్న కారు తేలిపోతుంది, మోకాలి కింది వరకే ఉన్నా వేగంగా ఉంటే పెద్ద మనిషిని పడగొడతాయి. ఏడేళ్ల పిల్ల సంగతి నేను రాయలేను.

2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్లలో స్కూలు బస్సు ఇరుక్కుంది. పిల్లలు లోపల ఉన్నారు. ఊరివాళ్లు దిగి బయటికి తీశారు కాబట్టి సరిపోయింది. డ్రైవరు చెడ్డవాడని కాదు. రోజూ వెళ్లే దారే కదా, దాటేస్తాం అనుకుంటాడు. అండర్ బ్రిడ్జి చుట్టుపక్కల నీళ్లన్నిటినీ పళ్లెంలా పడుతుంది. లోతు పైనుంచి తెలియదు. అందుకే మీ ఆటో అతన్ని ముందే అడగమంటున్నాను. వాన రోజున ఫ్లైఓవర్ మీదుగా చుట్టు తిరిగి వస్తావా, కిందగా వస్తావా? చుట్టు తిరిగితే ఎంత అదనం అడుగుతాడో అంతా ఇవ్వు. అక్కడ బేరం ఆడకు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇద్దరు టీచర్ల బడిలో ఉన్నాను. ఓ మధ్యాహ్నం గాలి మొదలైంది. చుట్టుపక్కల బడులు వదిలేశారు. మా పిల్లల్లో సగం మంది ఓ చప్టా దాటి వెళ్లాలి. నేను వదలనన్నాను. తలుపులు మూసి, మధ్యాహ్నానికి తెచ్చుకున్న బియ్యం, ఎదురింటి ఆవిడ ఇచ్చిన కందిపప్పు కలిపి పులగం వండాను. కథలు చెప్పాను, ఎక్కాలు అప్పజెప్పించుకున్నాను. చిన్నవాళ్లు నిద్రపోయారు. చీకటి పడ్డాక తండ్రులు లాంతర్లు పట్టుకుని వచ్చారు. ఒకాయన నన్ను గట్టిగా కేకలేశాడు, మా వాడిని ఎందుకు ఆపారు అని. చప్టా మీద ఎంత పారుతోందని అడిగాను. నడుము దాకా అన్నాడు. ఆ తర్వాత ఆయన ఏమీ అనలేదు, కొడుకును భుజం మీద ఎక్కించుకుని చుట్టుదారిన వెళ్లాడు. ఆ కుర్రాడు ఇప్పుడు లారీల వ్యాపారం చేస్తున్నాడు, కనబడితే కాళ్లకు దండం పెడతాడు.

మన తీరంలో తుపాను వస్తే జనాన్ని తెచ్చి పెట్టేది ఎక్కడో నీకు తెలుసు కదా, చాలాసార్లు బడి భవనాల్లోనే. 1990 మే తుపాను 77కు తీసిపోయింది కాదు. అయినా ముందుగా లక్షల మందిని తరలించారు కాబట్టి చనిపోయిన వాళ్లు వెయ్యి లోపే. ఊరంతటినీ కాపాడే గోడలు పిల్లల్ని ఓ పూట కాపాడలేవా? అందుకని స్కూలుకు నువ్వు రాతపూర్వకంగా ఇవ్వు. "వానరోజు ముందుగా వదిలితే, నేను గానీ మా ఆయన గానీ వచ్చేదాకా మా అమ్మాయిని లోపలే ఉంచండి" అని. ఫోన్ నంబర్లు మూడు ఇవ్వు, నీది, అల్లుడు గారిది, పక్కింటి వాళ్లది. ప్రిన్సిపాల్ గారు మొహం చిట్లిస్తే చిట్లించనీ. మిగతా తల్లులను నలుగురిని కూడగట్టి వెళ్లు, అప్పుడు వింటారు. గాలి ఆగిందని కూడా వదలొద్దని చెప్పు. తుపాను కన్ను మీద నుంచి పోయేటప్పుడు అంతా నిమ్మళిస్తుంది. కాసేపటికి అవతలి దిక్కు నుంచి అంతకు అంత గాలి తిరిగి కొడుతుంది.

ఎండాకాలంలోనూ ఇదే గొడవ. ఎండ ఎక్కువని ఒంటిపూట బడులు పెడతారు, మంచిదే. కానీ పన్నెండున్నరకు వదిలితే పిల్లలు నడిచేది నడినెత్తిన ఎండలో. ఏప్రిల్లో చిట్టికి నీళ్ల సీసాతో పాటు తడి తువాలు కూడా పెట్టు, టోపీ మరిచిపోకు.

ఒక్క మాట మీ అత్తగారి గురించి. వదినగారు వద్దన్నప్పుడు కొట్టిపారేయకు. ఆవిడ బుడమేరు నీళ్లు చూసిన మనిషి. అలాగని బిడ్డను ఆవిడ మీద వదిలి నువ్వు నిశ్చింతగా వెళ్లడానికీ లేదు, ఆవిడకు మెట్లు దిగడమే కష్టం. మీ ఇంట్లోకే నీళ్లు వచ్చే సూచన ఉంటే, ఆ రోజు నువ్వో అల్లుడు గారో సెలవు పెట్టాలి. ప్రతిసారీ నువ్వే పెట్టాలని ఎక్కడా రాసిలేదు. ఆ మాట అల్లుడు గారికి నేనే చెబుతాను, నొచ్చుకోడు, మంచివాడు.

నూటికి నూరు హాజరు సర్టిఫికెట్టు పోతుందని చిట్టి దిగులు పడుతోందట. దానికి చెప్పు, వాళ్ల అమ్మమ్మ అక్క కూడా టీచరేనని, సర్టిఫికెట్టు తనే రాసి పంపుతుందని. రంగు కాగితం మీద, బంగారు అంచుతో. మానేసిన రోజు దాన్ని టీవీ ముందు కూర్చోబెట్టకు. పదమూడో ఎక్కం చెప్పించు, వాన ఎంత పడిందో డాబా మీద గిన్నె పెట్టి కొలిపించు. నీ ఫోన్ నంబరు, అల్లుడు గారి నంబరు నోటికి వచ్చేదాకా అప్పజెప్పించుకో. ఎవరు రమ్మన్నా నీళ్లలోకి దిగొద్దని చెప్పు. "మా పెద్దమ్మమ్మ దిగొద్దంది" అని ఆటో అతనికి గట్టిగా చెప్పమను, నా పేరు వాడుకోమను.

అరుగు మీద కూర్చోబెట్టుకున్న ఆ కొట్టు ఆవిడ చిట్టికి బన్ను ఇచ్చిందని మీ అమ్మ చెప్పింది. వెళ్లి కలిశావా? వెళ్లు. వాన రోజున బిడ్డ ఆగడానికి అదొక చోటుగా పెట్టుకో, ఆవిడ నంబరు తీసుకో.

వచ్చే గురువారం నేను కంటి పరీక్షకు బెజవాడ వస్తున్నాను. రెండు రోజులు మీ ఇంట్లోనే. ఆటో అతన్ని శుక్రవారం పొద్దున కాస్త ముందుగా రమ్మను, ఆ దారిలో నేనూ ఎక్కి ఫ్లైఓవర్ ఎంత చుట్టో చూస్తాను. అరిసెలు తెస్తున్నాను, చిట్టి నువ్వులు వద్దంటుంది కదా, దానికి విడిగా చేయించాను.

ఉంటాను.
పెద్దమ్మ