గుర్రపుసాలలో సున్నము: వాడుక, జాగ్రత్తలు

మొఘల్‌పురా వీధులలో పెండ్లి బరాతు గుర్రము కనబడుట క్రొత్త కాదు. దాని జరీ అలంకారమును, పూలదండలను చూచి మనమందరము ముచ్చటపడుదుము. ఆ గుర్రము రాత్రివేళ నిలుచు సాలను గూర్చి, దానిని శుభ్రపరచు సాయీసు చేతులను గూర్చి ఆలోచించువారు మాత్రము అరుదు. సాలలో సున్నము చల్లుట పాత అలవాటు. జాగ్రత్త తప్పినచో ఆ సున్నమే మనిషికిని, గుర్రమునకును కీడు చేయును. రసాయనశాస్త్రము చదువుకొనిన వారమగుటచే ఈ విషయమున నాలుగు మాటలు చెప్పదలచితిమి.

సున్నమను ఒక్క పేరుతో మూడు వస్తువులు చెలామణి యగుచున్నవి. మొదటిది సున్నపురాయి, అనగా కాల్షియం కార్బొనేటు. దానిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినచో బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి పొడిసున్నము మిగులును. ఇది రెండవది. 56 పాళ్ల పొడిసున్నము 18 పాళ్ల నీటిని గ్రహించి, సలసల కాగి, 74 పాళ్ల తడిసున్నమగును. ఇది మూడవది. ఉర్దూలో పొడిసున్నమును అన్‌బుఝా చూనా అనియు, తడిసున్నమును బుఝా చూనా అనియు అందురు. ఆరనిది, ఆరినది అని భావము. తడిసున్నము పేరునకు తడియే గాని, సంచులలో తెల్లని మెత్తని పొడిగా కూడ లభించును. కనుక ఏ సంచిలో ఏది ఉన్నదో అడిగి తెలిసికొని, పైన వ్రాసియుంచవలెను. ఆరని సున్నమును గుర్రపుసాలకు ఎన్నడును తేరాదు.

సున్నము చల్లిన దుర్వాసన పోవునని పలువురి నమ్మకము. గుర్రపు మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మార్చును. ఘాటైన ఆ వాసన దానిదే. మన ప్రయోగశాలలో నవాసాగరమును, అనగా కలాయివారు వాడు నౌసాదరును, తడిసున్నముతో కలిపి వేడిచేసి అమ్మోనియా వాయువును రాబట్టుదుము గదా! తడిసిన నేలపై తడిసున్నము చల్లినప్పుడు జరుగునదియు అటువంటిదే. నేలలోని అమ్మోనియా వాయువై పైకి లేచును. మూత్రము, లద్దె, తడిసిన గడ్డి తొలగించుటయే వాసనకు నిజమైన మందు. సున్నము ఆ తరువాతి పని.

తడిసున్నము బలమైన క్షారము. తాంబూలములో సున్నము కొంచెము ఎక్కువైన నోరు పొక్కుట అందరెరిగినదే. అట్టి వస్తువు చెమట పట్టిన చర్మముపైనను, కంటిలోనను, ఊపిరితిత్తులలోనను పడినచో ఏమగునో ఊహింపవచ్చును. గుర్రము నేలకు ముక్కు ఆనించి మేయును, దానిపై పండుకొనును. పాపము, మంట అని చెప్పజాలదు.

కావున చేయవలసిన క్రమమిది. ముందుగా గుర్రమును బయటికి తీసికొనిపోవలెను. లద్దెను, తడిగడ్డిని పూర్తిగా ఎత్తి, నేలను కడిగి, బాగుగా ఆరనీయవలెను. పనివాడు కండ్లద్దములు, చేతితొడుగులు, నిండుచేతుల చొక్కా ధరించి, ముక్కునకు మాస్కు కట్టుకొనవలెను. తలుపులు తెరచి, గాలివాలున నిలిచి, నేలకు దగ్గరగా పలుచగా చల్లవలెను. మేత తొట్టిలోను, నీటి తొట్టిలోను పొడి పడరాదు. దుమ్ము అణగిన పిమ్మట మిగిలిన పొడిని ఊడ్చి, మందముగా గడ్డి పరచి, అటుపిమ్మటనే గుర్రమును లోనికి తేవలెను. తరచు వాడుకకు మెత్తగా నూరిన సున్నపురాయి పొడి నయము. అది క్రిములను చంపదు గాని అంతగా కాల్చదు. పిల్లలచేత ఈ పని చేయింపరాదు.

కంటిలో సున్నము పడినచో నలుపక, వెంటనే ధారగా మంచినీటితో కనీసము 20 నిమిషములు కడుగవలెను. నిమ్మరసము, వెనిగరు పోయరాదు. కడిగిన పిమ్మట మెహదీపట్నములోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి వంటి చోటికి ఆలస్యము చేయక వెళ్లవలెను. చర్మముపై పడిన పొడిని ముందు దులిపి, తరువాత నీటితో కడుగవలెను.

మన వీధులకు చేరువనే 1591లో కట్టిన చార్మినారును నిలిపినది సున్నపు గారయే. సున్నము గుణమెరిగి వాడిన ఆనాటి పనివారి నేర్పు మనకు ఆదర్శము. ఈ వ్యాసము చదివిన మిత్రులలో ఏ ఒక్కరైనను తమకు తెలిసిన సాయీసునకు ఈ మాటలు ఉర్దూలోనో, తెలుగులోనో వినిపించినచో మా శ్రమ ఫలించినట్లే.