పనిముట్టుపై పేరు: పాత చిత్రికలను గుర్తించుట

దసరా పండుగలో బాడితకు, ఉలికి, చిత్రికకు పసుపు కుంకుమలుంచి పూజించుట మన పెద్దల ఆచారము. అన్నము పెట్టిన పనిముట్టుపై వారికి గల గౌరవమది. ఆ పనిముట్టును చేసినదెవరు? జవాబు పలుమార్లు దానిపైననే ఉండును. అమెరికాలోని ఒక వడ్రంగి చరిత్రయే ఇందుకు నిదర్శనము.

మసాచుసెట్స్‌లోని రెంథమ్ గ్రామమున ఫ్రాన్సిస్ నికల్సన్ (1683–1753) చిత్రికలు చేసి అమ్మెడివాడు. మనకు తెలిసినంతలో అమెరికా చిత్రిక పనివారిలో అతడే మొదటివాడు. అతని వద్ద సీజర్ చెలోర్ అను ఆఫ్రికా సంతతి బానిస ఈ విద్య నేర్చెను. 1753లో నికల్సన్ మరణశాసనము చెలోర్‌కు స్వేచ్ఛను, పనిముట్లను, కలపను, 10 ఎకరముల భూమిని ఇచ్చినది. అటుపిమ్మట చెలోర్ స్వంత పేరుతో చిత్రికలు చేసి, 1784లో మరణించెను. “చెలోర్, రెంథమ్ నివాసి” అను అర్థమిచ్చు ఆంగ్ల ముద్ర వాటిపై కనిపించును. నికల్సన్ ముద్రగల చిత్రికలలో కూడ కొన్ని చెలోర్ చేతిపనియేయని పరిశోధకుల అభిప్రాయము.

ఇట్టి చిత్రికలను గుర్తించు విధము:

1. ముద్ర: చేసినవాని పేరు ముందు కొనపై ఉండును. ప్రక్కన గల ఇతర నామములు తరువాత వాడిన వడ్రంగులవి. కొన అరిగియుండి అక్షరములు మాత్రము కొత్తగా, పదునుగా ఉన్నచో ఆ ముద్రను అనుమానింపవలెను.

2. కలప: 18వ శతాబ్దపు న్యూ ఇంగ్లండ్ చిత్రికలు పెక్కు ఎల్లో బర్చ్ కలపతో చేసినవి. ఇంగ్లండులో బీచ్ కలప వాడుక.

3. కొలత: అంచుల నగిషీకి వాడు తొలినాటి అమెరికా చిత్రికలు సుమారు 10 అంగుళముల పొడవుండును. తరువాతి కాలమున 9½ అంగుళములు సాధారణమయ్యెను. పాతవాటి అంచులు వెడల్పుగా, చదునుగా కోయబడియుండును.

4. అలుగు: ఇనుప అలుగు, దానిని బిగించు చెక్క ముక్క మొదటివేనా అని చూడవలెను. ఒకటి మారినను విలువ తగ్గును.

చెలోర్ ముద్రగల చిత్రికలు వేల డాలర్లు పలికిన సందర్భములు కలవు. కాని ఉత్సాహముకొద్ది ఉప్పుకాగితముతో రుద్దినను, వార్నిష్ పూసినను ముద్ర అరిగి, చేతి చెమటతో తేలిన పాత రంగు పోవును. పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును.

ఒకనాడు పరుల ఆస్తిగా లెక్కింపబడిన మనిషి తన పనిపై తన పేరును, తన ఊరును నిలిపి పోయెను. మన పూర్వికులలో అనేకులు ఓడ జాబితాలలో అంకెలుగా నమోదైనవారే. తాతగారి పనిముట్ల పెట్టెను పారవేయుటకు ముందు ప్రతి కొనను వెలుగున పరిశీలింపుడు. ముద్ర లేకున్నను, దానిని వాడినవారి పేరు, ఊరు ఒక కాగితముపై వ్రాసి అందులోనే ఉంచుడు. ఆ పేరు తెలిసిన పెద్దలు ఉండగానే ఈ పని జరుగవలెను.